పైకి కారిన బురద

బుధవారం మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. గిద్దలూరు బస్టాండు ఎదుట, టైలరు దుకాణం మీదున్న ఆ చిన్న గదికి పొలం తగాదాల వాళ్ళూ, మోటారుసైకిలు పోగొట్టుకున్న వాళ్ళూ వస్తుంటారు. వాళ్ళు వస్తూనే కుర్చీ లాక్కుంటారు. ఈమె మాత్రం కింద వీధిలో ఏ బస్సు కదిలినా ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తోంది.

చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని ఉంది. దాని నిండా బూడిదరంగు పొడి.

"లోపలికి రామ్మా," అంది స్టెల్లా. తొమ్మిదేళ్ళుగా డిటెక్టివ్ రంగనాయకులు దగ్గర నోట్సు రాసే మనిషి ఆమె. అంతకుముందు టైపు నేర్పేది. ఆయన కంటికి కనపడనిది భూమ్మీద లేదని ఆమె నమ్మకం. ఆ మాట ఆయన ముందు అంటే విసుక్కుంటాడు కాబట్టి అనదు.

"రైల్వేలో పనిజేసిన సారు ఈయనేనా?"

"నేనే. కూర్చో." రంగనాయకులు కిటికీ దగ్గరనుంచి కదిలాడు. అరవై రెండేళ్ళ సన్నటి మనిషి. సిగ్నళ్ళ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. అందులో సగం కాలం, ప్రమాదం జరిగాక ఎవరి తప్పో తేల్చే విచారణల్లోనే గడిచింది.

"నా పేరు కోటమ్మ సార్. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను కాడ పని. సోమవారం పొద్దున మా ఇంటాయన చెయ్యి మిషన్లో పడింది. రెండు వేళ్ళు పోయినాయి." ఊపిరి తీసుకుంది. "నేనే కోసినానంట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటాండారు. ఆయప్ప గూడ అన్నాడంట. ఎస్సై శుక్రవారం పొద్దున రమ్మన్నాడు. గుడ్డలు సర్దుకోని రమ్మన్నాడు."

"నువ్వేమంటావు?"

కోటమ్మ తన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసింది. "నాకు తెల్దు సార్. నా చెయ్యి ఆపింది. మిషను తిరిగింది. మూడు దినాలుగా అదే తలుస్తాండా. ఒకవేళ నాకు తెలవకుండా నా మనసే తిప్పిందేమో. ఆరేళ్ళ కింద పదిమందిలో నన్ను పొమ్మన్నాడు. నేను వచ్చేసినా. ఇల్లు వేరయింది, మిషను మాత్రం ఒకటే. ఆ కోపం నా చేతిలో ఉండిపోయిందేమో సార్."

స్టెల్లా కలం ఆగింది. మనిషి తన మీద తనకే అనుమానంతో వచ్చిన కేసు ఇదివరకు ఆ గదికి రాలేదు.

"మీరు విడిపోయి ఆరేళ్ళయితే ఒకే మిషను మీద ఎందుకు పనిచేస్తున్నారు?" అడిగాడు రంగనాయకులు.

"ఇంకెవరితోనూ కుదర్లేదు సార్. ఆయప్ప రాయి తోస్తాడు, నేను అవతల అందుకుంటా. బ్లేడు రొదలో మాట ఇనపడదు, మాకు మాటలూ లేవు. రాయి ఇరుక్కుంటే బ్లేడు దానంతటదే ఆగిపోతాది. అయినా ఎర్రగుండీ నొక్కందే ఎవరూ చెయ్యి పెట్టగూడదు, రాయి కదిల్తే మళ్ళా తిరుగుతాదని. ఆయప్ప బల్ల మీద రాతిముక్కతో ఒకసారి కొడతాడు. నేను మోచేత్తో ఎర్రగుండీ నొక్కుతా. నా మోచెయ్యి కదలడం చూసి ఆయప్ప చెయ్యి పెడతాడు."

"మోచేత్తో ఎందుకు? చెయ్యి ఉంది కదా."

"చేతుల్లో పలక ఉంటాది గదా సార్! ఇడిస్తే పగులుతాది. గుండీల పెట్టె నా ఎడంపక్క కొంచెం ఎనక, స్తంభానికి ఉంటాది. కిందది ఎర్రది, ఆపేది. పైది పచ్చది, తిప్పేది. చూసే పనే లేదు. ఈ కొత్త మిషను జేయించిన అనురాధ మేడమ్ ఎర్రదానికి గరుకు రబ్బరు అంటించింది, మోచేతికి తెలవాలని."

రంగనాయకులు ఆమె చొక్కా ఎడమ మోచేయి చూశాడు. అక్కడ గుడ్డ అరిగి దారాలు లేచాయి.

"సోమవారం మోచేతికి ఏం తగిలింది? తొందరపడకుండా చెప్పు."

కోటమ్మ కళ్ళు మూసుకుంది. మోచేయి తనంతట తానే కొంచెం వెనక్కి కదిలింది. కళ్ళు తెరిచింది.

"నున్నగా తగిలింది సార్."

"వేరే ఏదైనా తేడా?"

"ఏముంటాది. మూడు నెలలుగా మేడమ్ కెమెరా మూడుకాళ్ళ స్టాండు మీద నా మొగం ఎదురుంగా ఉంటాది. ఆ దినం ఎదురుంగా లేదు. హమ్మయ్య అనుకున్నా, అంతే."

*

గురువారం పొద్దున మార్కాపురం బస్సులో స్టెల్లాకు కాలు ఒకచోట నిలవలేదు. కంభం దాటేదాకా ఆగి, ఇక ఆగలేక అడిగింది.

"సార్, శుక్రవారం అంటే రేపే. ఏమీ తేలకపోతే?"

"తేలకపోతే ఆమె లోపలికి పోతుంది," అన్నాడు రంగనాయకులు. "పోయినా పోకపోయినా ఆమె తన చేతిని ఇక నమ్మదు. అది ఇంకా చెడ్డది."

షెడ్డుకు సోమవారమే పోలీసు తాళం పడింది. ఎస్సై పాత పరిచయంతో ఒక కానిస్టేబులును ఇచ్చి పంపాడు, ఏదీ ముట్టుకోవద్దన్న షరతు మీద. తలుపు తెరవగానే తడి రాతి వాసన కొట్టింది. మధ్యలో కొత్త మిషను, బల్ల, బ్లేడు. కింద నేల మీద పలుచగా, గట్టిగా ఎండిన బూడిదరంగు బురద. రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళూ రాతిపొడీ కలిసి నాలుగువైపులా చిమ్ముతాయి, ఆరితే సిమెంటులా పట్టేస్తాయి.

షెడ్డు ఊడ్చే నరసమ్మ గుమ్మం బయట నిలబడి ఉంది. డెబ్భై ఏళ్ళకు దగ్గరలో ఉంది కానీ గొంతు మాత్రం గట్టిది.

"ఈ బురద ఎప్పటిదమ్మా?" అని ఆమెను అడిగాడు.

"సోమవారందే నాయనా. శనివారం సందకాడ నేల కడిగినా, మిషను తుడిచినా. ఆ గుండీల పెట్టె మేడమ్‌కి అద్దం మాదిరి మెరవాల. నా మొగుణ్ణి గూడ నేను అంత తుడవలేదు. ఆదివారం సెలవు. సోమవారం ఏడింటికి మిషను ఎక్కినారు, ఏడూ నలభైకి కొంప మునిగింది. తాళం ఏసినారు. ఇంక చీపురు పెట్టనిచ్చిందెవరు?"

"రోజూ ఏడింటికేనా?"

"ఎనిమిదికి. ఆ దినం పదింటికి కరెంటు తీస్తారంట. ఆదివారం రాత్రి అశోకు అందరికీ ఫోన్లు జేసి గంట ముందు రమ్మన్నాడు."

"మీ అనురాధ మేడమ్ ఎప్పుడొచ్చింది?"

"నేను చూసింది ఆసుపత్రి కాడనే. ఆమె వచ్చేటప్పటికి కోటమ్మ మొగుడు పోలయ్యకి కట్టు గూడ కట్టేసినారు. పాపం, మొగం పాలిపోయింది."

రంగనాయకులు షెడ్డులో నెమ్మదిగా నడిచాడు. స్తంభం దగ్గర ఆగాడు. గుండీల పెట్టె నల్లటిది, మూరెడు పొడుగు. అక్షరం ఒక్కటీ లేదు. పైన పచ్చ గుండీ నున్నగా, పెట్టెతో సమంగా ఉంది. కింద ఎర్రది పుట్టగొడుగులా ఉబ్బి, గరుకు రబ్బరుతో ఉంది. నాలుగు మూలలా నాలుగు మరలు. వాటి తలల్లో ఆరుకోణాల నక్షత్రం గుంట.

"స్టెల్లమ్మా, నాకు కళ్ళద్దాలు మారాలి. నీకేం కనిపిస్తోందో చెప్పు."

ఇది ఆయన అలవాటని ఆమెకు తెలుసు. అయినా సంతోషం వేసింది. దగ్గరికి వంగింది. "మిషను మరలన్నిటి గుంటలూ బురదతో పూడి ఉన్నాయి సార్. ఈ నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. పెట్టె పక్కభాగం మీద బురద చారలున్నాయి, తెల్లగా ఎండినాయి." ఇంకా వంగింది. "చుక్క పడి కారినట్టు. కానీ సార్, లావు చుక్క కింద ఉంది, సన్నటి తోక పైకి పోయింది."

"రాసుకో."

స్తంభానికి ఎడమ వెనుక, నాలుగు అడుగుల దూరంలో ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎండిన బురద పొర మీద మూడు గుండ్రటి ఖాళీలు, ఒక్కోటి రూపాయి బిళ్ళంత. ఖాళీల్లో కడిగిన నేల శుభ్రంగా కనిపిస్తోంది. మూడూ ముక్కోణంగా ఉన్నాయి.

కానిస్టేబులు ఆవులిస్తూ, "పాత గుంటలేమో సార్," అన్నాడు.

"గుంటలు కావు నాయనా. బురద పడని చోట్లు," అన్నాడు రంగనాయకులు.

*

మేస్త్రీ అశోక్ నలభై ఏళ్ళవాడు. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకునే వచ్చాడు. వస్తూనే మొదలుపెట్టాడు.

"నన్ను అనుమానించొద్దు సార్. పోలయ్య మామతో నాకు పేచీ ఉండేది నిజమే. బీడీ తాగేదానికి గంటకోసారి బయటికి పోతాడు. అంతమాత్రానికి చేతులు నరుకుతామా?"

"నరికావని ఎవరన్నారు? సోమవారం పొద్దున మిషను మొదట తిప్పింది ఎవరు?"

"నేనే. రోజూ మొదటి తిప్పు మేస్త్రీదే. కొబ్బరికాయ కొట్టి, పచ్చగుండీ నొక్కి పోతా. తర్వాత వాళ్ళిష్టం."

"ఆ రోజు ఏమైనా ఇబ్బంది కలిగిందా?"

"మిషనుతో ఏమీ లేదు సార్. ఇబ్బందంతా ఈ నడుంతోనే. ఆదివారమంతా పట్టేసింది. సోమవారం గుండీ నొక్కేదానికి వంగితే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి."

"గంట ముందు పని మొదలవుతుందని అనురాధగారికి చెప్పావా?"

"ఆమెకెందుకు సార్? ఆమె కూలీ గాదు గదా. కెమెరా పెట్టుకుంటాది, రాసుకుంటాది. ఆమె పని ఆమెది."

అశోక్ వెళ్ళాక స్టెల్లా గొంతు తగ్గించి, "ఇతనే అనిపిస్తోంది సార్. అడగకముందే పేచీ సంగతి చెప్పాడు," అంది.

"భయపడ్డవాడు ముందే చెబుతాడు. అతను చెప్పినదాంట్లో పేచీ కంటే నడుం ముఖ్యం," అన్నాడు ఆయన. స్టెల్లా నడుం అని రాసుకుని, దాని పక్కన ప్రశ్నగుర్తు పెట్టుకుంది.

యజమాని మోహన్‌కృష్ణ తన గదిలో ఫ్యాను కింద కూడా చెమట తుడుచుకుంటున్నాడు. స్కూలు పలకలు ఎవరూ కొనడం లేదనీ, గోడలకు అతికించే రాతిబిళ్ళల మీదే ఫ్యాక్టరీ నడుస్తోందనీ చెప్పాడు. కొత్త మిషనును చూడటానికి వచ్చే వారం పెద్ద కమిటీ వస్తోందట.

"ఆ పెట్టె మరలు విప్పే తాళం ఎవరి దగ్గరుంది?"

"నక్షత్రం తాళమా? రెండే ఉన్నాయండీ. ఒకటి మేడమ్ దగ్గర, ఒకటి నా దగ్గర." సొరుగు లాగి చూపించాడు. తాళం ప్లాస్టిక్ కవరులో ఉంది. కవరు అంచు అతుకు ఇంకా విడలేదు. "నేనెందుకు విప్పుతాను సార్? నాకు బల్బు మార్చడం కూడా రాదు. మా ఆవిడను అడగండి."

అనురాధ పక్కగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర ఆరిపోయిన సంగతి ఆమె గమనించలేదు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. మూడు రోజులుగా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

"మీ చదువేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పండమ్మా," అన్నాడు రంగనాయకులు.

ఆ ప్రశ్నకు ఆమెలో కొంచెం ప్రాణం వచ్చింది. "మనుషులు పనిముట్టుకు తగ్గట్టు మారాలని అందరూ అంటారు. పనిముట్టే మనుషులకు తగ్గట్టు మారాలని మేమంటాం. మూడు నెలలు వీళ్ళ చేతులనే చూశాను. తడి చేతులు, ఖాళీ లేని చేతులు. చూపు బ్లేడు మీదే. చదువు రాదు. అందుకే అక్షరాలు తీసేశాను, మోచేతి ఎత్తులో ఎర్రగుండీ పెట్టాను. ఇదివరకు స్విచ్చి పది అడుగుల దూరంలో గోడకు ఉండేది. ఈ మిషను వచ్చాక ఒక్క గాయం కాలేదు."

"సోమవారం దాకా."

ఆమె తల దించుకుంది. "కోటమ్మగారు నా కెమెరా ముందు రెండువందల పన్నెండుసార్లు ఆపారు. ఒక్కసారి కూడా చూడలేదు, ఒక్కసారి కూడా తప్పలేదు."

"మరి సోమవారం ఎందుకు తప్పింది?"

"అలసట కావచ్చు. వాళ్ళిద్దరి గొడవ మనసులో ఉండొచ్చు. ఆమెను నేరస్థురాలు అనడం అన్యాయం సార్. ఎస్సైగారికి కూడా అదే చెప్పాను. ఇది మానవ తప్పిదం."

"మేమూ రైల్వేలో అదే రాసేవాళ్ళం," అన్నాడు రంగనాయకులు. "వెతకడానికి ఓపిక అయిపోయిన చోట ఆ రెండు మాటలూ రాసి సంతకం పెట్టేవాళ్ళం. సోమవారం కెమెరా ఎక్కడుంది?"

"లాడ్జిలో. తీయడం శనివారంతోనే అయిపోయింది."

"మీరు ఎన్నింటికి వచ్చారు?"

"ఏడూ నలభై అయిదుకి గేటు దగ్గరకు వచ్చాను. అరుపులు, పరుగులు. ఆయన్ని ఆటోలో ఎక్కిస్తున్నారు. నేనూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళాను."

"షెడ్డులోకి పోలేదు?"

"లేదు."

ఆసుపత్రి ఫ్యాక్టరీకి ఎంత దూరమని బయటికి వచ్చాక స్టెల్లా కానిస్టేబులును అడిగింది. అయిదు నిమిషాలని చెప్పాడు. కట్టు కట్టేశాకే మేడమ్ వచ్చిందన్న నరసమ్మ మాట ఆమెకు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి మంచిది. ఆ సంగతి ముఖంలోనే ఉంది. అదే స్టెల్లా నడక సాగనివ్వలేదు.

పోలయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడిచేతికి పెద్ద కట్టు.

"ఏం చూశావు పెద్దయ్యా?"

"ఏముంది చూసేదానికి? దాని మోచెయ్యి కదిలింది, నేను చెయ్యి పెట్టినా. ఈ మిషను వచ్చినకాడినుంచి అంతే. ఆ మోచెయ్యి మీద నాకు ఎంత నమ్మకమంటే," అని ఆగాడు. "నొప్పి కంటే అదే సార్. అది చూసి చూసి నొక్కిందనే ఎస్సైకి చెప్పినా. లేకుంటే ఎట్ల తిరుగుతాది?"

"చూసి నొక్కిందా? తల తిప్పడం చూశావా?"

పోలయ్య ఇటు తిరిగాడు. "లేదు," అన్నాడు. "తల తిప్పలేదు."

*

శుక్రవారం ఉదయం తొమ్మిదికి అందరూ షెడ్డులోకి వచ్చారు. పోలయ్యను ఆటోలో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మోహన్‌కృష్ణ, అశోక్, నరసమ్మ ఒకవైపు నిలబడ్డారు. అనురాధ తలుపు దగ్గరే ఉండిపోయింది. ఎస్సై చేతి గడియారం చూసుకుంటున్నాడు. కోటమ్మ గోడకు ఆనుకుని, కాళ్ళ దగ్గర బట్టల సంచితో, ఎవరివైపూ చూడకుండా నిలబడింది.

"పది నిమిషాలే అయ్యా," అన్నాడు ఎస్సై.

"చాలు." రంగనాయకులు అశోక్ వైపు తిరిగాడు. "మేస్త్రీ, ఆ పచ్చగుండీ నొక్కి చూపించు. కరెంటు లేదులే."

అశోక్ స్తంభం దగ్గరకు నడిచాడు, చెయ్యి చాపాడు. గుండీ అతని గుండెల ఎత్తులో ఉంది. నొక్కేశాడు.

"నడుం నొప్పి పుట్టిందా?"

"ఇప్పుడా? లేదు సార్. వంగే పనే లేదు గదా."

"సోమవారం వంగావన్నావు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయన్నావు."

అశోక్ పెట్టె వైపు, తన చెయ్యి వైపు చూసుకున్నాడు. నోరు తెరుచుకుంది. "వంగినా సార్. అమ్మతోడు, వంగినా. పచ్చది కింద ఉండింది!"

స్టెల్లా నోట్సులో నడుం పక్కనున్న ప్రశ్నగుర్తును కొట్టేసింది.

"అతను రంగు చూసి నొక్కేవాడు," అన్నాడు రంగనాయకులు. "పచ్చ ఎక్కడున్నా పచ్చే కాబట్టి తేడా పట్టించుకోలేదు. కోటమ్మ చూడదు. ఆమెకు మోచెయ్యి వెళ్ళిన చోటే గుండీ. సోమవారం ఆమె మోచేతికి గరుకు రబ్బరు కాక నున్నటిది తగిలింది. ఎందుకంటే ఆ పొద్దున ఈ పెట్టె తలకిందులుగా ఉంది. ఆపడానికి కొట్టిన చోట తిప్పే గుండీ ఉంది."

"ఇప్పుడు సరిగానే ఉంది గదా," అన్నాడు ఎస్సై.

"మళ్ళీ తిప్పారు కాబట్టి. నరసమ్మా, కొంచెం నీళ్ళు." ఆమె ఇచ్చిన చెంబులో వేళ్ళు ముంచి, పెట్టె పక్కభాగం మీద చిలకరించాడు. చుక్కలు కిందికి జారాయి. "నీళ్ళు కిందికే కారతాయి. శనివారం ఈమె తుడిచిన పెట్టె మీద సోమవారం నలభై నిమిషాలు పడ్డ బురద మాత్రం పైకి కారింది చూడండి. పెట్టె తలకిందులుగా ఉన్నప్పుడు కారి పట్టేసింది. నల్లటి పెట్టె మీద తడి బురద నల్లగానే ఉంటుంది, తిప్పినవాళ్ళకు కనపడలేదు. ఆరి తెల్లబడేసరికి షెడ్డుకు తాళం పడింది."

ఎస్సై దగ్గరికి వచ్చి వంగాడు. మళ్ళీ గడియారం చూడలేదు.

"మరలు మామూలు స్క్రూడ్రైవరుకు రావు. తాళాలు రెండు. ఓనరుగారిది కవరులోంచి ఇంకా బయటికే రాలేదు. ఇక ఇటు చూడండి. ఈ మూడు ఖాళీలు మూడుకాళ్ళ స్టాండువి. సోమవారం మిషను తిరిగినంతసేపూ అది ఇక్కడుంది, తాళం పడేముందు మాయమైంది. ఎదురుగా ఉండే కెమెరా ఈసారి కోటమ్మ ఎడమవెనుకకు వచ్చింది. ఇక్కణ్ణించి చూస్తే ముఖం కనపడదు. ఆమె మోచెయ్యి, పెట్టె, ఆ రెండే కనపడతాయి. ఆ మోచెయ్యి తప్పుతుందా లేదా అని చూడాలనుకున్న మనిషి ఎవరు?"

అందరూ తలుపువైపు తిరిగారు. అనురాధ పారిపోలేదు. తలుపు చట్రం పట్టుకుంది.

"కమిటీవాళ్ళు అడిగారు," అంది. "ఎర్రగుండీ కిందుంటేనే మంచిదని ఎలా తెలుసు, తిప్పిపెట్టి చూశారా అని. ఆదివారం సాయంత్రం వచ్చి తిప్పాను, స్టాండు పెట్టాను. సోమవారం ఎనిమిది లోపల వచ్చి బ్లేడు బెల్టు తీసేద్దామనుకున్నాను. బ్లేడు తిరగదు. ఎవరికీ ఏమీ కాదు. ఊరికే చెయ్యి ఎటు పోతుందో చూద్దామని."

"మాకు ఒక మాట జెప్పొచ్చు గదమ్మా!" అంది నరసమ్మ.

"చెబితే చూసి నొక్కుతారు. చూసి నొక్కితే పరీక్ష తేలదు." తన మాట తనకే వినపడి ఆగిపోయింది. "నేనొచ్చేసరికి షెడ్డులో ఎవరూ లేరు. బల్ల మీద రక్తం. ఏం చేస్తున్నానో తెలియలేదు. చేతులు వాటంతటవే తిప్పేశాయి సార్."

"కాదమ్మా," అన్నాడు రంగనాయకులు. గొంతు పెంచలేదు. "కోటమ్మది చెయ్యి చేసిన పని. ఒక్క క్షణంలో, చూడకుండా, తనకు నేర్పినట్టే చేసింది. మీరు నాలుగు మరలు విప్పారు, పెట్టె తిప్పారు, నాలుగూ బిగించారు, స్టాండు మడిచి తీసుకుపోయారు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమెను అలసిపోయిందని అన్నారు. పెట్టె తిప్పడం పొరపాటే అనుకుందాం, గంట ముందు పని మొదలవుతుందని మీకు తెలియదు. వెనక్కి తిప్పడం మాత్రం పొరపాటు కాదు."

అనురాధ కోటమ్మ ముందుకు వచ్చింది. చేతులు జోడించబోయి, ఆ చేతులను ఏం చెయ్యాలో తెలియక కిందికి వదిలేసింది.

కోటమ్మ ఆమెను తిట్టలేదు. "నువ్వు నన్ను రెండువందలసార్లు చూసినావంట గదమ్మా," అంది. "ఒక్కసారి అడిగింటే తలకిందులుగా పెట్టినా నేర్చుకోనుంటిని."

ఎస్సై అనురాధను పక్కకు రమ్మన్నాడు. ఆమె తలూపి నడిచింది. మోహన్‌కృష్ణ ఎవరికో ఫోను చెయ్యబోయి, నరసమ్మ చూపుకు జేబులో పెట్టేసుకున్నాడు.

"పోలయ్యా," అన్నాడు ఎస్సై, కాగితం తీస్తూ. "నీ వాంగ్మూలం మార్చాలి. మా రైటరు రాలేదు. స్టెల్లా మేడమ్, మీరు రాస్తారా?"

స్టెల్లా బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. పోలయ్య కట్టు ఉన్న చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా చెప్పాడు.

"కోటమ్మ తప్పు లేదు. అది ఆపేదానికే నొక్కింది. నేను కోపంతో తప్పుగా చెప్పినా." ఆగాడు. స్టెల్లా కలం ఆగింది. "ఇంకొకటి రాయమ్మా. ఆరేళ్ళ కింద పదిమందిలో దాన్ని పొమ్మనింది నేను. అది పోయిందని ఊరంతా అంటారు. పోలేదు. నేను పొమ్మన్నా."

"అది ఈ కేసులో రాదు కదయ్యా," అన్నాడు ఎస్సై.

"ఏ దాంట్లో రాకపోయినా పర్లేదు సార్. నా మాట గదా. నా ఏలిముద్ర కిందనే గదా. రాయనీండి."

ఎస్సై రంగనాయకులు వైపు చూశాడు. రంగనాయకులు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎస్సై రాయమన్నట్టు తలూపాడు. స్టెల్లా రాసింది. పోలయ్య కుడిచెయ్యి పనికిరాదు కనుక ఎడమ బొటనవేలు ముద్ర వేశాడు.

కోటమ్మ గోడ దగ్గరనుంచి కదిలి బల్ల దాకా వచ్చింది. కాగితం మీది అక్షరాలను వంగి చూసింది.

"నాకు చదువు రాదు," అంది స్టెల్లాతో. "ఏం రాసినావో చదువమ్మా."

స్టెల్లా మొదటినుంచి చివరిదాకా చదివింది. పోలయ్య తల వంచుకునే ఉన్నాడు.

కోటమ్మ చివరి మాట మీద, ముద్ర ఇంకా తడిగా ఉన్న చోట, వేలు తగలకుండా చూపించింది.

"ఈడిది ఇంకోసారి చదువు," అంది.